పాటా, పలకా

వేసవి సెలవులు ముగిసి జూను నెలలో బడులు తెరచిన వెంటనే, వీధిన పోయేవారి చెవిని పడే మొదటి ధ్వని పిల్లల పాట. ఒకటో తరగతి గదిలో ముప్పై గొంతులు ఒక్కటై ఊగుతూ పాడుతూ ఉంటే, గోడ అవతల నిలిచి విన్న తండ్రికి తన బిడ్డ చదువులో పడ్డాడన్న తృప్తి కలుగుతుంది. ఆ తృప్తికి ఆధారమున్నదా లేదా అన్నదే నేడు విచారింపవలసిన విషయం. పాట బడిలో ఉండాలా, కూడదా అన్న వాదం ఎన్నడో ముగిసింది. కళలను పాఠంతో మేళవించి బోధించవలెనని 2020 నాటి జాతీయ విద్యావిధానం స్పష్టంగా చెప్పింది. ఒకటో తరగతి వాచకం ఏది తెరిచినా పాటలకు కొదువ లేదు. ఉపాధ్యాయులకు జరిగే శిక్షణ తరగతులలో అభినయగేయం లేని పూట ఉండదు. ఇంత పాట వినిపిస్తున్న బడిలో చదువు ఏపాటిగా వినిపిస్తున్నది?

ప్రథమ్ సంస్థ 2005 నుంచి గ్రామసీమలలో జరుపుతూ వస్తున్న అసర్ సర్వే లెక్కలను చూడండి. రెండో తరగతి స్థాయి పాఠాన్ని చదవగలిగినవారు, ప్రభుత్వ పాఠశాలల్లో మూడో తరగతి చదివే పిల్లలలో, దేశం మొత్తం మీద 2022లో నూటికి 16.3 మంది, 2024లో 23.4 మంది. రెండేండ్లలో కనిపించిన ఈ పెరుగుదల సంతోషింపదగినదే. అయినా నలుగురిలో ముగ్గురు తమ కంటె కింది తరగతి పాఠం చదవలేకుండా ఉన్నారన్న సంగతి అందులోనే ఉన్నది. మూడో తరగతి ముగిసేలోగా ప్రతి బిడ్డకూ అర్థవంతంగా చదవడం అలవడాలని 2021 జూలైలో ఆరంభించిన నిపుణ్ భారత్ పథకం 2026-27 సంవత్సరాన్ని గడువుగా పెట్టుకున్నది. గడువులు పెట్టడం ప్రభుత్వాలకు కొత్త కాదు. ఆ గడువు తరగతి గదిలో ఏ పనిగా మారుతున్నదన్నదే ప్రశ్న.

పాట పాడే పిల్లవానికి వాచకం ఇచ్చి, ఆ పాటే ఉన్న పుట తెరిచి, వేలు పెట్టి చదవమనండి. గడగడ చదివేస్తాడు. వేలు మాత్రం ఒకచోట, గొంతు మరొకచోట ఉంటాయి. పాట నాలుగో పాదానికి వచ్చేసరికి వేలు రెండో పాదంలో ఉంటుంది. లేదా పాట ఇంకా సగముండగానే పుట చివరకు జారి బొమ్మ మీద నిలుస్తుంది. మూడో పాదం నుంచి మొదలు పెట్టమంటే వాడు నోరు తెరవడు; మొదటి నుంచీ పెదవుల మధ్య గొణిగి, మూడో పాదం అందుకుంటాడు. మధ్యలోని ఒక మాటను నల్లబల్ల మీద విడిగా రాసి ఇది ఏమిటంటే తెల్లబోతాడు. వానికి పాట వచ్చు, చదువు రాలేదు. తనిఖీకి వచ్చిన అధికారి ముందు ఈ రెండూ ఒక్కటిగానే కనిపిస్తాయి. పాట మీద మా ఫిర్యాదంతా ఈ ఒక్కచోటనే.

ఇది ఈనాటి జబ్బు కాదు. బళ్ళారి జిల్లా కలెక్టరుగా ఉండిన ఏ. డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో తన జిల్లాలోని దేశీయ పాఠశాలలను గురించి మద్రాసు రెవిన్యూ బోర్డుకు ఒక నివేదిక పంపినాడు. 1816లో తెలుగు వ్యాకరణం, 1821లో తెలుగు నిఘంటువు ప్రచురించిన పండితుడతడు. భాష తెలియని దొర రాసిన రాత కాదు అది. ఆనాడు జిల్లాలో 533 పాఠశాలలు, 6,641 మంది విద్యార్థులు ఉన్నట్లు లెక్క తేల్చినాడు. పిల్లలు పద్యాలను కొల్లలుగా వల్లిస్తున్నారని, వాటి అర్థం మాత్రం మాటలు నేర్చిన చిలుకకు ఎంత తెలుసునో వారికీ అంతే తెలుసునని అతని ఆరోపణ. పద్యాల భాష వేరు, వాడుక భాష వేరు కావడమే దీనికి కారణమనీ గుర్తించినాడు. గిడుగువారి ఉద్యమానికి సుమారు తొంభై ఏండ్ల ముందటి మాట ఇది!

ఆ నివేదికలోనే మరొక అంశం ఉన్నది. చిలుక పోలికను పట్టుకొన్నవారు దీనిని తరచు విడిచిపెడతారు. వీధిబడిలో చేరిన పిల్లవాడు మొదట అక్షరాన్ని ఇసుకలో వేలితో దిద్దుతాడనీ, చదవడమూ రాయడమూ ఏకకాలంలో నేర్చుకుంటాడనీ క్యాంప్‌బెల్ మెచ్చుకున్నాడు. అతనికి పూర్వమే, మద్రాసు ఎగ్మూరులోని అనాథశాలను నడిపిన ఆండ్రూ బెల్ ఈ ఇసుక పలకను, పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పే పద్ధతిని ఇక్కడ చూచి, 1797లో ఇంగ్లండులో ఒక చిన్న పుస్తకం అచ్చు వేసినాడు. అది ఆ దేశపు పేదపిల్లల బడుల రూపునే మార్చింది. అంటే మన వీధిబడిలో గొంతు ఉన్నది, చేయీ ఉన్నది. ఓనమాలు గొంతెత్తి పలుకుతూనే వేలు ఇసుకలో కదిలేది. గుణింతం రాగయుక్తంగా సాగుతూ ఉండగానే పలక మీద తలకట్టూ దీర్ఘమూ గుడీ పడేవి. వీధిబడి లోపాలు మనకు తెలియనివి కావు: పంతులుగారి కోదండాలు తెలుసు, ఆడపిల్లలకూ, ఊరి వెలుపల ఉంచిన కులాల పిల్లలకూ ఆ అరుగు అందకపోవడమూ తెలుసు. ఆ బడి మళ్ళీ రావాలని కోరేవారం కాము. గొంతునూ చేతినీ జోడించిన ఆ ఒక్క పనిని మాత్రం మనం సగం పారవేసి సగం ఉంచుకున్నాము. ఉంచుకున్నది పాట, పారవేసినది పలక.

ఇక చెవికీ చదువుకూ గల సంబంధాన్ని గురించి నేటి పరిశోధకులు ఏమంటున్నారో చూద్దాం. ఆక్స్‌ఫర్డులో లినెట్ బ్రాడ్లీ, పీటర్ బ్రయంట్ అనే ఇద్దరు మనశ్శాస్త్రజ్ఞులు నాలుగైదేండ్ల పిల్లలను సుమారు 400 మందిని తీసుకొని, నాలుగు సంవత్సరాలు కనిపెట్టి, తమ ఫలితాలను 1983లో నేచర్ పత్రికలో ప్రకటించినారు. మాటల మొదట గాని చివర గాని ధ్వని కలుస్తున్నదా లేదా అన్నది చెవితో పట్టగలిగిన పిల్లలే తరువాత చదువులో ముందుకు పోయినారు. చదువు రాకముందే ఉన్న ఈ చెవి పదును, వచ్చే చదువును ముందుగానే సూచించింది. వెనకబడిన పిల్లలలో కొందరికి వారు ఈ ధ్వనుల పోలికలను ప్రత్యేకంగా నేర్పినారు. వారిలో కొందరికి ధ్వనులను మాత్రమే నేర్పి, మరికొందరికి ధ్వనులతోబాటు ప్లాస్టిక్ అక్షరాలను చేతికిచ్చి మాటలు పేర్పించినారు. చదువులో ముందున్నది అక్షరాలు చేతబట్టిన జట్టే. బళ్ళారి ఇసుకలోనూ ఆక్స్‌ఫర్డు ప్లాస్టిక్‌లోనూ ఉన్న రహస్యం ఒక్కటేనని వేరే చెప్పనక్కరలేదు.

మాటల మొదటి ధ్వనుల కలయిక, లోపలి ధ్వనుల కలయిక అన్న మాట వినగానే తెలుగు ఛందస్సు చదివినవానికి నవ్వు రావాలి. మొదటిది యతిమైత్రి, రెండవది ప్రాస. సుమతి శతకంలోని కందపద్యాన్ని చూడండి. నాలుగు పాదాలలోనూ రెండో అక్షరపు హల్లు ఒక్కటే కావాలి. మొదటి అక్షరం ఒక పాదంలో గురువైతే నాలుగింటిలోనూ గురువే, లఘువైతే లఘువే. పాశ్చాత్యుల ప్రాస పాదం చివర మోగి ఊరుకుంటుంది. మన ప్రాస పాదం మొదటనే, మాట కడుపులో, రెండో అక్షరం మీద చెవిని నిలబెడుతుంది. చదవడం నేర్చే పసివాని చెవికి కావలసిన కసరత్తు సరిగ్గా ఇదే. కందపద్యాన్ని నాలుగు వరుసలుగా పెద్ద అక్షరాలతో రాసి, పాడుతూ, ప్రతి వరుసలోనూ రెండో అక్షరం చుట్టూ సున్న చుట్టమంటే ఎనిమిదేండ్ల పిల్లవాడు ఆటగా చుడతాడు. ఆ సున్న చుట్టడంలో చెవి విన్నది కన్ను గుర్తించింది. పద్యం నీతి చెప్పడానికే పుట్టిందని మనం వేసుకొన్న లెక్కలో ఈ లాభం ఎక్కడా జమ కాలేదు.

పాటకు తెలుగు అక్షరంతో గల చుట్టరికం ఇంకా దగ్గరది. మన లిపిలో పిల్లలు తడబడే చోట్లు ముఖ్యంగా మూడు: హ్రస్వదీర్ఘాలు, ఒత్తులు, సున్న. ముప్పైకి పైగా ఉన్న హల్లులు పన్నెండు గుణింతాలతో చేరి సుమారు నాలుగు వందల రూపాలవుతాయి. ఒత్తుల సంగతి ఆపైన. ఇన్నింటినీ కంటితో మాత్రమే గుర్తుపెట్టుకోమనడం క్రూరత్వం. చేతి తాళం ఇక్కడ సాయం వస్తుంది. గడి అనే మాటకు రెండు మాత్రలు. గడ్డి అంటే మూడు. గాడి అన్నా మూడే. మూడింటినీ తాళం వేస్తూ పలికిస్తే, మొదటిదానికీ తక్కినవాటికీ ఉన్న తేడా చేతికే తెలిసిపోతుంది. తరువాత, గడ్డికీ గాడికీ కాలం ఒక్కటే అయినా ఒకచోట గొంతు హల్లు మీద ఆగిందనీ, మరొకచోట అచ్చు మీద సాగిందనీ పిల్లవాడు తానే కనుక్కుంటాడు.

ఒత్తు విషయంలో కన్ను చెవిని మోసం చేస్తుంది. గడ్డిలోని ఒత్తు రెండో అక్షరం కింద వేలాడుతున్నది. దాని బరువు మాత్రం ముందున్న గకారం మీద పడి దానిని గురువును చేస్తున్నది. కంటికి భారంగా కనిపించేది ఒకటి, నోటికి భారమైనది మరొకటి. గంప అనే మాటలో సున్న విడిగా ఒక అక్షరంలా కూర్చున్నది. కాని దాని స్థానం గకారంలోనే. పిల్లలు ఒత్తులు ఎగరగొట్టి చదవడం, సున్నను విడగొట్టి చదవడం, రాయమంటే రెండింటినీ విడిచిపెట్టడం మనం నిత్యం చూచేదే. ఎఱ్ఱ సిరాతో వందసార్లు దిద్దినా కుదరని ఈ తప్పు, తాళం వేస్తూ మాటను రెండు మూడు సార్లు పలికిస్తే చాలావరకు సర్దుకుంటుంది. గురులఘువులను తొమ్మిదో తరగతిలో పరీక్ష కోసం గుర్తులు వేయడం నేర్పుతున్నాము. వాటి అసలు అవసరం ఒకటో తరగతిలో ఉన్నది. పేర్లు అక్కరలేదు, గుర్తులూ అక్కరలేదు, చప్పట్లు చాలు.

డిగ్రీ తరగతులలో పద్యం చదవమంటే తలవంచుకొనే యువకులను ప్రతి యేటా చూస్తూ ఉన్నాము. తెలివిలేనివారు కారు, అర్థం చెబితే చక్కగా గ్రహిస్తారు. మాటలను ఎక్కడ కలపాలో, ఎక్కడ విరవాలో వారి చెవికి తెలియదు. ఆ లోటు కళాశాలలో పుట్టింది కాదు.

మృదంగం వాయించేవారి జతులు కూడా చదువు నేర్పే పనికి వస్తాయన్నది మా గట్టి నమ్మకం. తకిట మూడు, తకధిమి నాలుగు, తకతకిట ఐదు, తకిట తకధిమి ఏడు. అన్నీ తేలిక అక్షరాలు, అన్నీ హ్రస్వాలు. వీటికి అర్థం లేదు గనుక ఊహించి చెప్పడానికి వీలులేదు. వరుస మార్చి నల్లబల్ల మీద రాస్తే జ్ఞాపకం పనిచేయదు. అక్షరాన్ని చూచి చదవడమొక్కటే గతి. అయినా చదివినది నోట పలికిన వెంటనే లయ పుట్టి, చదివినవానికి అప్పటికప్పుడు ప్రతిఫలం దక్కుతుంది. అర్థంలేని మాటలు చదివించడమేమిటని కొందరు ఆక్షేపించవచ్చును. రోజుకు ఐదు నిమిషాలు చదివించమంటున్నాము గాని, రోజంతా కాదు. ఏడు మాత్రల మిశ్రగతి ఇట్లా చెవికెక్కిన పిల్లవాడు, పెద్ద తరగతికి వచ్చి 1910లో గురజాడ తీర్చిన ముత్యాలసరాన్ని చూచినప్పుడు, దానికి నడక ఎవరూ నేర్పనక్కరలేకుండానే చదువుతాడు.

ఐతే ఏ పాటైనా పనికివస్తుందని అనుకోవడం పొరపాటు. సంగీతం తెలిసినవారికి కష్టం కలిగినా ఈ మాట చెప్పక తప్పదు. రాగం ప్రధానమైన పాటలో హ్రస్వం సాగి దీర్ఘమవుతుంది. దీర్ఘం నలిగి హ్రస్వమవుతుంది. మాట ఒక ఆవర్తంలో మొదలై మరొక ఆవర్తంలో ముగుస్తుంది. కచేరీలో అది సొగసు. చదువు నేర్చే బిడ్డ ముందు అది చిక్కు. కల అని అచ్చు వేసి కాలా అని పాడితే, వాడు కంటిని నమ్మాలా, చెవిని నమ్మాలా? సినిమా వరుసల మీద బాలగేయాలు అల్లి పాడించే అలవాటు ఇటీవల బాగా పెరిగింది. వరుస ముందు, మాట తరువాత కావడం వలన ఆ పాటలలో తెలుగు మాటలకు కాళ్ళూ చేతులూ విరిగి ఉంటాయి. చదువుకోసం పాడే పాటలో ఒక్కొక్క అక్షరానికి ఒక్కొక్క దెబ్బే ఉండాలి. హ్రస్వం హ్రస్వంగా, దీర్ఘం దీర్ఘంగా వినిపించాలి. స్వరాలు మూడో నాలుగో మించనక్కరలేదు. మన జానపదుల పిల్లల పాటలు సరిగ్గా ఇట్లాగే ఉంటాయి. చెమ్మచెక్క ఆడే పిల్లల చేతులు మాత్రలనే కొడుతూ ఉంటాయి. ఆ పాటలు కట్టిన అజ్ఞాత మాతృమూర్తులు ఛందస్సు చదువలేదు; వారి చెవి పొరబడలేదు.

పాఠ్యపుస్తకాల కోసం కొత్తగా కట్టిస్తున్న గేయాలలో చాలాభాగానికి ఈ నడక లేదని విచారంతో అనవలసి ఉన్నది. పారిశుద్ధ్యం మీద ఒకటి, పర్యావరణం మీద ఒకటి, ట్రాఫిక్ నియమాల మీద ఒకటి: విషయాల పట్టిక ముందు తయారై, దాని మీద పద్యకర్తను కూర్చోబెడితే, పరిరక్షణ, సమతుల్యత వంటి మాటలు పాట కాళ్ళకు సంకెళ్ళై పడతాయి. ఆరేండ్ల పిల్లవాడు నోరు తిరగక, అర్థం తెలియక, గుంపుతో పాటు ఊగి ఊరుకుంటాడు. క్యాంప్‌బెల్ చెప్పిన చిలుక మళ్ళీ పంజరంలోకి వచ్చినట్లే. బాలల కోసం రాయడం చిన్నపని కాదని తెలిసిన తరం ఒకటి మనకు ఉండేది. విద్యాశాఖలో పనిచేసిన చింతా దీక్షితులుగారు పిల్లల మాటల పోకడను చెవితో పట్టి రాసినారు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, అక్కయ్యలై, 1945లో బాల పత్రికను స్థాపించి, పిల్లలచేతనే పాడించి, పిల్లల రాతలనే అచ్చు వేసినారు. నేదునూరి గంగాధరంగారు, బిరుదురాజు రామరాజుగారు ఊరూరా తిరిగి సేకరించిన జానపద గేయసంపద గ్రంథాలయాలలో ఉన్నది. వాచకాలు కూర్చేవారు ఆ సంపుటాలు తెరచి చూడవలెనని మనవి.

ప్రైవేటు బడుల సంగతి వేరు. అక్కడ ‘రైమ్సు’ ఒక పాఠ్యాంశం. మార్కులు కూడా ఉంటాయి. మూడేండ్ల బిడ్డ చుట్టాల ముందు నిలబడి, ఇంగ్లండు వానను వెళ్ళిపొమ్మని అభినయిస్తూ ఉంటే మన మామిడితోటలు వానకోసం ఎదురుచూస్తూ ఉంటాయి. ఇంగ్లీషు నేర్పవద్దని మేము అనము. ఇంగ్లీషు పిల్లల పాటలు ఇంగ్లీషు బిడ్డ చెవిని ఆ భాష చదువుకు సిద్ధం చేసినవి. ఆ పని ఇంట్లో ఆ భాష వినబడుతూ ఉంటేనే జరుగుతుంది. మన బిడ్డకు అవి ధ్వనుల మూటగా మిగిలి, తెలుగు పాట ఇంట్లోనూ లేక బడిలోనూ లేక, ఏ భాషకూ చెవి సిద్ధం కాని స్థితి ఏర్పడుతున్నది. అమ్మమ్మ ఒడి దూరమైన పట్టణాల ఇండ్లలో ఈ లోటు మరీ ఎక్కువ.

ఆదివాసి ప్రాంతాలలో ప్రశ్న ఇంతకన్న గడ్డుది. సవర బిడ్డకో, కోయ బిడ్డకో తెలుగు పాటే పరభాష పాట. గిడుగు రామమూర్తిగారు ఈ సంగతి నూరేండ్లకు పూర్వమే గ్రహించి, సవర భాష నేర్చి, వారి పాటలూ కథలూ సేకరించి, వారి భాషలో వాచకాలు రాసి, సొంత ఖర్చుతో బడులు నడిపినారు. 1931లో వెలువడిన వారి సవర వ్యాకరణం ఆ శ్రమఫలమే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2004 ప్రాంతంలో సవర, కోయ, గోండి, కొలామి మొదలైన ఎనిమిది భాషలలో మాతృభాషా బోధన ఆరంభించి ఆ బాటనే పట్టింది. ఆ భాషలకు తెలుగు లిపిలోనే వాచకాలు కూర్చినారు గనుక, తన ఇంటి పాటను తెలుగు అక్షరాలలో చదివిన బిడ్డకు ఆ అక్షరాలు పరాయివి కావు. తెలుగు మాటలు తరువాత వస్తాయి. ముందు తెలుగు పాటను నోటికెక్కించి, పిదప దానినే చదవమనడం ఆ బిడ్డకు రెండింతల భారం.

యంత్రాల విషయం రెండు మాటలలో చెప్పి ముగిస్తాము. తరగతి గదిలో పెద్ద టీవీ తెరలు వచ్చినవి. పాట తెర మీద నడుస్తుంది, బొమ్మలు గెంతుతాయి, పిల్లలు చూస్తారు, ఉపాధ్యాయుడు హాజరుపట్టీ పూర్తి చేసుకుంటాడు. ఇది సంగీతమూ కాదు, చదువూ కాదు. అదే యంత్రాన్ని మరొకవిధంగా వాడవచ్చునని అహమ్మదాబాదులోని మేనేజిమెంటు సంస్థలో ఆచార్యులుగా పనిచేసిన బ్రిజ్ కొఠారి చూపినారు. సినిమా పాట వస్తున్నప్పుడు అదే భాషలో సాహిత్యాన్ని తెర అడుగున వేసి, గాయకుని గొంతుతోబాటు ఒక్కొక్క మాట రంగు మారేట్లు చేయడం వారి పద్ధతి. 1996లో తోచిన ఆలోచన. 1999లో అహమ్మదాబాదు దూరదర్శన్ చిత్రగీత్ కార్యక్రమంలో ప్రయోగించినారు. పిదప హిందీ కార్యక్రమాలకూ పాకింది. అరకొరగా చదువు వచ్చి మరచిపోతున్న లక్షలాది ప్రేక్షకులకు అది రోజువారీ అభ్యాసమైంది. వచ్చిన పాటే గనుక రాబోయే మాట ముందే తెలుసు. తెలిసిన మాటకోసం కన్ను వెతుకుతుంది. ఇక్కడ కూడా గొంతుకు అక్షరం తోడైనదే గదా! వేలు చేసే పనిని రంగు చేసింది.

బడిలో దీనికి తెర అయినా అక్కరలేదు. నల్లబల్లా, సుద్దముక్కా, ఒక బెత్తమూ చాలు. బెత్తం కొట్టడానికి కాదు, మాటల కింద నడిపించడానికి. మొదటి రోజు పాటను నోటితో నేర్పాలి. రెండో రోజు అదే పాటను బల్ల మీద రాసి, తాళం మందగింపజేసి, బెత్తం మాట కింద నిలిచిన తరువాతనే గొంతు లేవాలి. మూడో రోజు ఒక మాట తుడిచి ఖాళీ ఉంచాలి. లేదా ఒక మాట స్థానంలో మరొక మాట రాయాలి. పాటలో కాకి ఉన్నచోట కోకిల అని రాస్తే, కన్ను తెరిచి చదివినవాడు కోకిల అంటాడు, కళ్ళు మూసుకొని పాడేవాడు కాకి అంటాడు. గది గొల్లుమంటుంది, ఎవరికి చదువు వచ్చిందో ఉపాధ్యాయునికి ఆ క్షణంలో తెలిసిపోతుంది. కాకికీ కోకిలకూ మాత్రలు సమానం కావని, పాట కుంటుతున్నదని పట్టుకున్న పిల్లవాడు దొరికితే వానిని భుజం తట్టాలి. నాలుగో రోజు పలకలు తీయించి, పాడుతూనే రెండు పాదాలు రాయించాలి. గుంపుతో మొదలు పెట్టి వరుసలుగా, జంటలుగా, చివరకు ఒక్కొక్కరిచేత పాడించి చదివించాలి. గుంపు పిరికివానికి ధైర్యమిస్తుంది, నిజమే; అదే గుంపు రానివానికి దాపరికమూ ఇస్తుంది.

ఇందుకు సంగీత విద్వాంసులు అక్కరలేదు. హంగెరీలో కొడాయ్ ప్రేరణతో 1950లో కెచ్కెమెట్ పట్టణంలో రోజూ గానం నేర్పే ప్రాథమిక పాఠశాల నెలకొన్నప్పుడు, ఆ దేశానికి శిక్షణ పొందిన గాన ఉపాధ్యాయులు ఉన్నారు. మన ప్రాథమిక పాఠశాలలు అనేకం ఒకరిద్దరు ఉపాధ్యాయులతో ఐదు తరగతులు నడుపుకొస్తున్నవి. వాటికి సంగీతపు అయ్యవారిని ఇవ్వమని కోరడం గాలిలో మేడ. ఉన్న ఉపాధ్యాయునికే తాళజ్ఞానం కలిగించాలి. జిల్లా విద్యాశిక్షణ సంస్థలలో రెండేండ్లు చదివే ఛాత్రోపాధ్యాయులకు విద్యామనస్తత్వ శాస్త్రం మీద పత్రాలకు పత్రాలున్నవి. మాత్ర అంటే ఏమిటో, ఒత్తు ముందు అక్షరం ఎందుకు బరువెక్కుతుందో, ఆ సంగతి ఆరేండ్ల పిల్లవానికి చప్పట్లతో ఎట్లా తెలియజెప్పాలో నేర్పడానికి పది గంటలు కేటాయించడం కష్టం కాదు. ప్రతి ఛాత్రోపాధ్యాయుడూ తన ఊరి పిల్లల పాటలు ఐదింటిని, ముసలమ్మలనడిగి, పెద్ద అక్షరాలతో గోడకు తగిలించే అట్టల మీద రాసి తేవాలని నియమం పెడితే, ఒక్క సంవత్సరంలో ప్రతి జిల్లాకూ ఒక పాటల భాండాగారం సమకూరుతుంది. శ్రీకాకుళం అట్ట శ్రీకాకుళం మాటతోనే ఉండాలి, పాలమూరు అట్ట పాలమూరు మాటతోనే ఉండాలి. అట్టను దిద్ది ప్రామాణికం చేస్తామని బయలుదేరే పండితులను, మాతో సహా, దాని దరిదాపులకు రానీయకూడదు.

చివరగా తనిఖీ అధికారులకు ఒక మాట. బడికి వెళ్ళినప్పుడు పిల్లలచేత పాట పాడించండి, ఆనందించండి. పాట ముగిసిన పిమ్మట ఏదో ఒక పిల్లవానిని దగ్గరకు పిలిచి, మూడో పాదంలోని ఒక మాట మీద మీ వేలు పెట్టి, అది ఏమిటని అడగండి. వాడు చెప్పిన జవాబును తనిఖీ పుస్తకంలో రాయండి.